మేఘం ఏ వాలున దిగుతుందో చూశాకే ముహూర్తం

‘ఎలోప్‌మెంట్’ను తెలుగు చేస్తే ‘లేచిపోవడం’ అవుతుంది. ఆ మాట చిత్తూరులో ఏ ఇంట్లో అన్నా అవ్వ చేతిలోని గరిటె గాల్లోకి లేస్తుంది. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళ నోట మాత్రం ఇప్పుడు దానికి అర్థం మారింది. ఇద్దరూ, వాళ్ళ తల్లిదండ్రులూ, మహా అయితే ఇంకో పదిమంది. కల్యాణ మండపం లేదు, వెయ్యి విస్తళ్ళు లేవు. మబ్బు దిగిన అడవి అంచున ఒక చిన్న పెళ్ళి. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్న దేవుడి కొండ కింద బతుకుతున్నవాళ్ళం, ఖర్చు తక్కువ పెళ్ళి మీద మనసు పోవడంలో వింత లేదు.

వింతల్లా అందరూ మొదట అడిగే ప్రశ్నలో ఉంది. “ఏ నెల మంచిది?” అంటారు. నెల తర్వాతి మాట. ముందు తేల్చుకోవాల్సింది కొండకు ఏ వాలు మీద నిలబడతారు అన్నది. వాలు తెలిస్తే అక్కడికి మేఘాన్ని మోసుకొచ్చే గాలి ఏదో తెలుస్తుంది, ఆ గాలి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో తెలుస్తుంది. అది తేలకుండా “కార్తీకంలో మంచు బాగుంటుంది కదా” అని గదులు బుక్ చేసుకుంటే, కొన్ని కొండల మీద అది మహా మంచి నిర్ణయం, కొన్ని కొండల మీద అది వానలో తడిసిన పెళ్ళి.

కార్తీకం మీద మనకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ముసురు పట్టి వెలిసిన రోజు పొద్దున కపిలతీర్థం దగ్గర నిలబడి తలెత్తితే కొండ సగం నుంచి పైకి కనిపించదు. కింద నుంచి చూసేవాడికి అది మబ్బు. అదే సమయంలో ఘాట్ రోడ్డు మీద బస్సులో ఉన్నవాడికి అది మంచు. రెండూ ఒకటే. మేఘం కొండను తాకిన చోట, తాకినంతసేపు, మనం మేఘం లోపల ఉంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు అలా మేఘం లోపల ఉండే అడవినే మేఘారణ్యం అంటారు. అక్కడ చెట్లు పొట్టిగా, వంకరగా, నాచు పట్టి ఉంటాయి. వాన పడని రోజు కూడా ఆకుల చివరల నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆ ఆకులు మబ్బులోని తేమను దువ్వెనలా దువ్వి దించుకుంటాయి.

ఈ లెక్కన మన శేషాచలం మేఘారణ్యం కాదు. అది ఎర్రచందనం పెరిగే పొడి అడవి, మేఘం అక్కడికి చుట్టపుచూపుగా వస్తుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. చల్లగా ఉంటుంది, యూకలిప్టస్ వాసన బాగుంటుంది, కానీ నాచు అడవి కాదు. అసలు సరుకు కావాలంటే పడమటి కనుమల షోలా అడవులకు పోవాలి. చిక్కమగళూరు పైన బాబాబుడన్ కొండలు, నీలగిరులు, కొడైకెనాల్, మున్నార్. ఎక్కువగా 1,500 మీటర్లకు పైన, గడ్డి మైదానాల మధ్య లోయ మడతల్లో దాక్కున్న పొట్టి అడవులు. చిత్తూరు నుంచి బెంగళూరు మీదుగా చిక్కమగళూరుకైనా, వేలూరు, సేలం మీదుగా కూనూరుకైనా నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. పదిమందితో ఒక టెంపో ట్రావెలర్‌లో ఒక్క పగటి ప్రయాణం.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు దాదాపు అన్నీ ఒకే పాట పాడతాయి: పొడి కాలంలో వెళ్ళండి అని. ఆ సలహా ఎక్కువగా కోస్టారికాలోని మాంటెవర్దే లాంటి చోట్లను చూసి రాసింది, అక్కడికి అది సరిపోతుంది కూడా. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు అక్కడ పెద్ద వానలు ఉండవు, కానీ కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే వాణిజ్య పవనాలు ఆగవు. కాబట్టి వాన తగ్గినా కొండ శిఖరం మీద మబ్బు, తుంపర మిగిలే ఉంటాయి. వాన లేని మంచు, పెళ్ళికి అంతకంటే ఏం కావాలి? మన కనుమలకు ఆ వసతి లేదు. ఇక్కడ గాలే ఋతువుతో పాటు తిరగబడుతుంది. పొడి కాలమంటే మేఘాన్ని తెచ్చే గాలే లేని కాలం. ఫిబ్రవరి చివరికి షోలా పక్కన గడ్డి పసుపు తిరుగుతుంది, మార్చికి నిప్పు భయం మొదలవుతుంది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు ట్రెక్కింగ్‌కు వెళ్ళినవాళ్ళు ఇరవై మందికి పైగా బలయ్యారు. ‘పొడి కాలం సురక్షితం’ అని రాసేవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

ఇక మన గాలుల లెక్క. నైరుతి జూన్ మొదట్లో కేరళను తాకుతుంది, సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రపు తేమను పడమటి వాలు మీద కుమ్మరిస్తుంది. అక్టోబర్ మూడో వారం నుంచి ఈశాన్య గాలి మొదలై బంగాళాఖాతపు తేమను తూర్పు వాలుకు, మన ఊళ్ళకు తెస్తుంది. నీలగిరి అన్న ఒకే పేరు కింద ఈ రెండూ ఉన్నాయి. గూడలూరు, అవలాంచి వైపు జూలై, ఆగస్టుల్లో తడిసి ముద్దవుతుంది. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 80 సెంటీమీటర్లు దాటి వాన పడింది. అదే జిల్లాలో కూనూరు, కోతగిరి వైపుకు అసలు వానలు అక్టోబర్, నవంబర్‌లలో. 2009 నవంబర్‌లో అక్కడ కొండచరియలు విరిగి నలభై మందికి పైగా చనిపోయారు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు ఎక్కే చిన్న రైలు ఈ నెలల్లో పట్టాల మీద మట్టి పడి తరచూ ఆగిపోతుంది. ‘నవంబర్‌లో ఊటీ’ అని ఎవరైనా అంటే ఊటీకి ఏ వైపు అని అడగండి.

ఇంత చెప్పాక నా ఎంపికలు.

పడమటి వాలుకు కార్తీకం. చిక్కమగళూరు, కొడగు వైపు నైరుతి వెళ్ళిపోయి మూడు నాలుగు వారాలు గడిచి ఉంటుంది. వాగులు ఇంకా పారుతుంటాయి, నాచు పచ్చగా ఉంటుంది, గడ్డి ఎండలేదు. పగలు ఎండ, తెల్లవారుజామున లోయ నిండా మంచు. ఇక్కడ మనకు కుంభవృష్టి పడుతున్న రోజుల్లో అక్కడ చాలాసార్లు తెరిపిగా ఉంటుంది. తిరుపతి కిటికీలోంచి ముసురు చూసి పెళ్ళి వాయిదా వేసుకునేవాళ్ళు ఈ సంగతే మరిచిపోతారు. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే మాత్రం దాని తోక అక్కడిదాకా తగులుతుంది, కాబట్టి పూర్తి భరోసా లేదు. జలగలు కూడా ఇంకా పూర్తిగా పోవు. కాఫీ తోటలో చెట్ల నీడన ఆకులు పరుచుకున్న నేల మీద పట్టుచీరతో నడవకండి. జలగ కరిస్తే నొప్పి ఉండదు కానీ దాని ఉమ్మిలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. చాలాసేపు కారుతూ కుచ్చిళ్ళ మీద మచ్చ పడుతుంది. ఉప్పు మూట ఒకటి దగ్గర ఉంచుకుని, అంటుకున్నచోట అద్దితే రాలిపోతుంది.

తూర్పు వాలుకు, అంటే కూనూరు, కోతగిరి, కొడైకెనాల్ వైపుకు, మాఘం. అందులోనూ మొదటి సగం. ఈశాన్యం డిసెంబర్‌తో చల్లబడుతుంది, నేలలో తడి జనవరి దాకా నిలుస్తుంది. కింది మైదానం నుంచి గాలి ఎక్కే మధ్యాహ్నాల్లో మబ్బు వచ్చి వెళుతుంది. మాఘం చివరికి పోయేకొద్దీ ఆకాశం నీలంగా మారి మీరు మామూలు హిల్ స్టేషన్ పెళ్ళి చేసుకున్నట్టు ఉంటుంది. చలి సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతిలో 28 ఉన్న పూట 1,850 మీటర్ల కూనూరులో 17, తెల్లవారుజామున పది లోపు. ఊటీ లోయలో ఆ రోజుల్లో గడ్డి మీద నీళ్ళు గడ్డకడతాయి. తాతను, జేజిని తీసుకుపోయేటట్టయితే ఊటీ వద్దు, కూనూరు చాలు. నీలగిరి జిల్లాకు, కొడైకెనాల్‌కు 2024 మే 7 నుంచి బండికి ఈ-పాస్ కావాలి. 2025 ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని బండ్లు అనే పరిమితి కూడా పెట్టారు. పెళ్ళివారి మూడు బండ్లలో ఒకదానికి పాస్ లేక పురోహితుడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే ముహూర్తం ఆగదు. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కూడా నిషేధమే. స్టీలు క్యాన్లు, అరిటాకులు పెట్టుకోండి.

ఇంటి దగ్గరి కొండలే చాలనుకుంటే హార్స్‌లీ హిల్స్‌కు కూడా మాఘమే నా ఓటు, లేదంటే ధనుర్మాసం ముందు దొరికే మార్గశిరపు నాలుగు రోజులు. తలకోనలో నీళ్ళు చూడాలంటే వానల వెనకే వెళ్ళాలి, కానీ అది జాతీయ ఉద్యానవనం పరిధి. అక్కడ పెళ్ళి తంతు అనే ఆలోచనే పెట్టుకోవద్దు. తిరుమల కథ వేరు. కల్యాణ వేదికలో టీటీడీ 2016 నుంచి ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తోంది, కానీ తల్లిదండ్రులు దగ్గరుండాలి. లేచిపోయేవాళ్ళకు కొండమీద చోటు లేదన్నమాట! పైగా ఈశాన్యం ముదిరిన వారాల్లో ఘాట్ రోడ్డును నమ్ముకోలేం. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన వారం రెండు ఘాట్‌లూ మూతపడ్డాయి, డిసెంబర్ 1న రెండో ఘాట్ మీద బండరాళ్ళు దొర్లాయి, శ్రీవారి మెట్టు దారి నెలల తరబడి తెరుచుకోలేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. జూలైలో వెళ్ళండి అంటారు కొందరు ఫోటోగ్రాఫర్లు. మంచు ఖాయం, పచ్చదనం అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఉండదు, గదుల అద్దె సగానికి దిగుతుంది. మూడూ నిజమే. కానీ ఫోటోకు కావాల్సింది వచ్చిపోయే మంచు. నిలబడిపోయిన మంచు ఒట్టి తెల్లగోడ. పది అడుగుల వెనక ఉన్న చెట్టు కనిపించనప్పుడు అది అడవైనా ఒకటే, స్టూడియోలో కట్టిన దుప్పటైనా ఒకటే. పైగా ఆ నెలల్లో దారి మీద ఆధారపడలేం. 2020 ఆగస్టులో మున్నార్ దగ్గర పెట్టిముడిలో, 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడటం మనకు తెలిసిందే. ఇద్దరే వెళ్ళేవాళ్ళయితే, చేతిలో నాలుగు రోజులు ఖాళీ ఉంటే, సెప్టెంబర్ ఆఖరి వారం పడమటి వాలుకు వెళ్ళమంటాను. నైరుతి వెనుదిరిగే ఆ రోజుల్లో మబ్బు గంటకోసారి తెర తీసి వేస్తుంది. అందం చూసుకుంటే ఏడాదిలో అదే మేలైన వారం, కాదనను. కానీ చాలా ఏళ్ళలో అది భాద్రపదంలోనే, తరచూ పితృపక్షంలో పడుతుంది. పెద్దలు ఒప్పుకోరు.

ఇక్కడే అసలు చిక్కు. ఆషాఢం లేదు, భాద్రపదం లేదు, డిసెంబర్ 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ఆ వెనక పుష్యంలో మిగిలిన రోజులు. తమిళ గాలి తగిలే మన జిల్లాల్లో మార్గళిలో పెళ్ళి మాటే ఎత్తరు. శుక్ర మౌఢ్యం మాఘం మీద పడిన ఏడాది తూర్పు వాలు కథ అక్కడితో ముగిసింది. మిగిలిన వైశాఖం, జ్యేష్ఠాల్లో కొండల మీద జనం, మధ్యాహ్నం ఉరుములు. ముహూర్తం నిమిషాల లెక్క, మేఘం దాని ఇష్టం. ఈ రెండింటినీ ఒకే పూటకు ముడిపెట్టడమే చాలామంది చేసే తప్పు.

విడదీయండి. తాళి, సప్తపది, హోమం ముహూర్తానికి ఇంట్లోనో, నారాయణవనంలోనో, తిరుచానూరులోనో కానివ్వండి. దండలు, తలంబ్రాలు, ఫోటోలు, పదిమంది భోజనం కొండ మీద, మూడు రోజుల వ్యవధి పెట్టుకుని, మబ్బు బాగున్న పూట. నారాయణవనంలో పెళ్ళాడిన శ్రీనివాసుడు కూడా వెంటనే కొండెక్కలేదు. ఆరు నెలలు శ్రీనివాసమంగాపురంలో ఆగాడని స్థలపురాణం. చట్టం వైపు నుంచి కూడా ఇదే మంచిది. హిందూ వివాహ చట్టం కింద తంతు జరగకుండా కేవలం సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది పెళ్ళి కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. అడవిలో నిప్పు పెట్టడం నేరం కాబట్టి హోమం ఎలాగూ కిందే జరగాలి, లేదా రిసార్టు, ఎస్టేటు ఆవరణలో యజమాని ఒప్పుకున్న చోట.

కులాలో మతాలో వేరై ప్రత్యేక వివాహ చట్టం దారి పట్టేవాళ్ళకు ఋతువు లెక్క ఇంకోలా ఉంటుంది. ఇద్దరిలో ఒకరు నోటీసు ఇచ్చే జిల్లాలో కనీసం 30 రోజులు నివాసం ఉండాలి. నోటీసు ప్రచురించాక 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటి నుంచి. అంటే చేతిలో మిగిలేది సుమారు అరవై రోజులు. నవంబర్‌లో పడమటి వాలు కావాలంటే సెప్టెంబర్ మధ్యలో నోటీసు పడాలి. అక్టోబర్ చివర్లో మేలుకుంటే మీకు దొరికేది డిసెంబర్, జనవరి. సంతకాలకు ముగ్గురు సాక్షులు కావాలని మరిచిపోవద్దు.

నెల కుదిరాక గంట. తెల్లవారుజాము మంచు లోయల్లో పుడుతుంది. రాత్రి చల్లబడిన గాలి కిందికి జారి అక్కడ గడ్డకట్టినట్టు నిలుస్తుంది. ఏడింటికి గట్టు మీద నిలబడితే కాళ్ళ కింద పాలసముద్రం, మీ మీద మాత్రం ఎండ. మంచు లోపల ఉండాలంటే ఆ గంటలో కిందికి దిగాలి. తొమ్మిదికి అది కరిగిపోతుంది. పదకొండు తర్వాత వాలు వెంట ఎక్కే మబ్బు గట్టును కప్పుతుంది, అప్పుడు పైన ఉండాలి. పది గంటల ప్రాంతం రెండింటి మధ్య ఖాళీ. మన ముహూర్తాలు చాలావరకు అక్కడే పడతాయి, ఏం చేస్తాం.

మంచు లోపల వస్తువులు ఎలా ప్రవర్తిస్తాయో ముందే అనుకోకపోతే పూట పాడవుతుంది. అగ్గిపెట్టె మెత్తబడుతుంది, లైటర్ పెట్టుకోండి. ఎస్టేటు ఆవరణలో హోమమైతే సమిధలను, కర్పూరాన్ని మూత గట్టి డబ్బాల్లో తీసుకెళ్ళాలి. తడిసిన సమిధ మంట కన్నా పొగ ఎక్కువ ఇస్తుంది, తేమ గాలికి ఆ పొగ పైకి పోక పీటల మీదే కూర్చుంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే గడ్డకడుతుంది, దీపానికి నువ్వుల నూనె మేలు. నెయ్యి గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఉంచాలి. జీలకర్ర బెల్లం ముందురోజు నూరి పెట్టొద్దు. బెల్లం తేమ పీల్చి జారిపోతుంది, తమలపాకు తలమీద నిలవదు. తలంబ్రాల బియ్యానికి పసుపు నేతితోనే కలపండి, నీళ్ళు తగిలితే గింజలు ముద్దలై దోసిట్లోంచి రాలవు.

పట్టు మీద నీటి చుక్క ఆరితే అంచు గీత మిగులుతుంది. తడిసిన చీరను మడత పెట్టకుండా నీడన ఆరేయాలి, లేకపోతే వెండి జరీ నల్లబడుతుంది. కుచ్చిళ్ళను చీలమండకు రెండు అంగుళాలు పైకి పిన్ను పెట్టడం సిగ్గు పడాల్సిన పని కాదు. రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మంచులో తెలుపు, మీగడ రంగు, లేత గులాబీ మాయమైపోతాయి. మామిడిపండు రంగు, కుంకుమ ఎరుపు, పసుపు నిలుస్తాయి. వరుడి తెల్ల పంచె మీద ముదురు కండువా తప్పనిసరి. పూలలో మల్లె ఎండాకాలపు పువ్వు. మాఘంలో దొరికినా ధర మండుతుంది, పువ్వు చిన్నది. పలమనేరు, కుప్పం వైపు చామంతి ఆ కాలానికి బ్రహ్మాండంగా ఉంటుంది, చలికి రెండు రోజులు వాడదు. దండలు అక్కడ కొనుక్కోవచ్చులే అనుకోకుండా ఇక్కడే కట్టించి తడి గుడ్డలో చుట్టి తీసుకుపోండి.

కెమెరాకు మంచు బూడిద రంగులా తోస్తుంది. ఎక్స్‌పోజరు ముప్పావు నుంచి ఒక స్టాపు పెంచకపోతే ఫోటో మసకబారుతుంది. ఆటోఫోకస్ మంచులో తడుముకుంటుంది, చీర అంచు మీద పట్టించాలి. ఏసీ కారులోంచి దింపిన లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది, సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచాలి.

బయల్దేరే ముందు అయిదు రోజుల నుంచి వాతావరణ శాఖ సూచన చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందా అన్నది మొదట, మిగతావి ఆ తర్వాత. ముందురోజు సాయంత్రం రెండు అంకెలు చాలు. రాత్రి ఉష్ణోగ్రతకూ మంచుబిందు ఉష్ణోగ్రతకూ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, ఇంగ్లీషులో డ్యూ పాయింట్) తేడా రెండు మూడు డిగ్రీల లోపు ఉండి, గాలి గంటకు పది కిలోమీటర్లు దాటకపోతే తెల్లారి లోయలో మంచు ఉంటుంది. గాలి ఎక్కువుంటే అలారం ఆపేసి పడుకోండి, మధ్యాహ్నం గట్టు మీదికి పోవచ్చు. ఎటైనా సరే నాలుగింటిలోపు ఘాట్ దాటి గదికి చేరే లెక్కన బయల్దేరండి. మలుపుల్లో మంచు కమ్మితే హైబీమ్ వెయ్యొద్దని డ్రైవరన్నకు ముందే చెప్పి పెట్టండి, ఆ వెలుగు తిరిగి అతని కళ్ళలోనే కొడుతుంది.